సున్నపు మంచు

మంచు రంగు ఎట్లా కలపాలో
నాకెవరూ నేర్పలేదు.
బస్తా సున్నంలో చిటికెడు నీలిమందు వేసి,
తుమ్మజిగురు పోసి, కర్రతో తిప్పుతూ
చిట్టినగర్ సొరంగం మూతి దగ్గర నిలబడ్డాను.
పొద్దున తొమ్మిదింటికే గోడ కాలుతోంది,
చెయ్యి ఆనిస్తే పెనం.
దాని మీద నేను మంచు కురిపించాలి.

యుద్ధం ఆగి రెండు నెలలయింది.
ఢిల్లీకో ఓటు, హైదరాబాదుకో ఓటు,
ఒక్కరోజే, ఒక్క బడిలోనే, రెండు పెట్టెల్లో.
పెద్దాయన మనిషి శేషగిరి
పేపర్లోంచి చింపిన ఫొటో చూపించాడు.
బజ్జీల నూనెకి సగం కొండ కరిగిపోయింది.
"వెనకాల ఇది పడాలి లాజరూ,
ముందు అయ్యగారు చెయ్యూపాలి."
"మరి సిపాయిలు?"
"ఓ నలుగుర్ని పెట్టు. చిన్నగా."

చిన్నగానే పెట్టాను.
తలకో చుక్క, తుపాకికో గీత.
మొహాలొద్దా మామా, అన్నాడు మా సుభానీ.
అంత దూరం నుంచి మొహాలు కనపడవురా, అన్నాను.
అన్నాక
కుంచె కాసేపు డబ్బాలోనే ఉండిపోయింది.

మర్నాడు అసెంబ్లీ ఆయన మనిషొచ్చాడు.
మొన్నటిదాకా వాళ్లది మురిక్కాలవ, కొళాయి, రేషను కార్డు.
"అవన్నీ కొట్టెయ్. మాక్కూడా కొండే."
ఆ మర్నాడు అవతలి పార్టీ:
"వాళ్లకన్నా మా కొండ జానెడు ఎత్తుండాలి."
వారం తిరిగేసరికి
కొత్తపేటలో కొండ, పంజా సెంటర్లో కొండ,
రైలు వంతెన కింద ఉచ్చ వాసనలో కొండ.
బెజవాడలో సున్నం రేటు పెరిగింది.

అసలు కొండ మటుకు గోడ వెనకే ఉంది.
దానికెవరూ రంగెయ్యలేదు.
నూట ఎనభై ఆరు మెట్లు,
మెట్టుకో గుమ్మం, గుమ్మానికో ఖాళీ బిందె.
శ్రీకాకుళం నుంచి రైలుకట్ట పనికొచ్చి
ఇక్కడే ఉండిపోయిన అసిరితల్లి
రోజుకి ఎనిమిదిసార్లు ఎక్కుద్ది.
చుట్టకుదురు సర్దుకుంటా నా గోడ ముందాగింది.
"ఏటిది బావూ, తెల్లగ?"
"మంచు. అక్కడే యుద్ధం జరిగింది."
"అయితే నీళ్లే గదేటి, గడ్డకట్టినవి."
కాసేపు చూసింది, ఆ నాలుగు చుక్కల్నీ.
"ఆళ్లకి పైకెవులు మోసేరో" అని
బిందె ఎత్తుకుని పోయింది.

పోలింగు రోజు నా వేలు చూసి ఆఫీసరు విసుక్కున్నాడు.
గోరు నిండా సున్నం, నీలం, అన్ని పార్టీల రంగులూ.
"సిరా ఎక్కడ పెట్టనయ్యా?"
కిరసనాయిలు గుడ్డ తెప్పించి తుడిచి మరీ పెట్టాడు.
తెల్ల కాగితం ఇట్టే మడిచాను.
గులాబీ కాగితం ముందు
కాస్త ఎక్కువసేపు నిలబడ్డాను.
తొందరగా, తొందరగా, అన్నారు వెనకనించి.

ఎవరో గెలిచారు.
కొండలన్నీ ఒకే డబ్బాలోవి,
ఏ కొండ గెలిచిందంటే నేను చెప్పలేను.

దసరా వెళ్లాక తుఫాను పట్టింది.
మూడు రోజుల వానకి
నిజం మంచులాగే కరిగి కాలవలో కలిసింది.
ముందు సిపాయిలు పోయారు, చిన్నవాళ్లు గదా.
చెయ్యూపే ఆయన మాత్రం చెక్కు చెదరలేదు,
ఆయనకి ఆయిలు పెయింటు వాడాను.
కొండ పోయిన చోట, అడుగునించి
ఎర్రటి అక్షరాలు తేలాయి,
అయిదేళ్ల కిందటివి, నా చేతివే:
"కొండ మీదికి కొళాయి"
ఆ తర్వాతి మాట దగ్గర పెచ్చూడిపోయింది.

మూడు కొండల డబ్బులు ఇంకా రావాలి.
శేషగిరి ఇంటికి ఎప్పుడెళ్లినా
స్నానంలో ఉన్నాడంటారు.

మిగిలిన అరబస్తా సున్నం
అసిరితల్లి అడిగి పట్టుకుపోయింది.
మెట్ల అంచులకి పూసుకుందట,
తెల్లారకముందు బిందెతో దిగేటప్పుడు
కాలికి కనపడాలని.