కింది గీత

వయొలిన్ కాగితం పోయింది.
ఎప్పుడో ఎవరూ చెప్పలేరు.
ఏదో చలికాలం పొయ్యి రాజేసుంటారని ఓటకర్,
జున్నుముద్ద చుట్టి ఇచ్చుంటారని నేను.

ఓలొమౌట్స్‌లో, గుడి అటకమీద, కొవ్వొత్తుల పెట్టెలో
మిగిలింది మా భాగమే.
నా చెల్లోకీ అతని హార్ప్సికార్డ్‌కీ కలిపి ఒకటే కింది గీత,
దాని వెంట అంకెలు.
ఆరు. నాలుగు, మూడు. ఏడు, ఆరు.
చూడ్డానికి కిరాణా పద్దు.
ఆ పద్దులోంచే ఓటకర్ కుడిచెయ్యి
అప్పటికప్పుడు వంట చేస్తుంది.

నలభై ఏళ్లుగా నేను కిందే నడుస్తున్నాను.
పైన ఎవరో ఎగురుతుంటారు, జనం వాళ్లనే చూస్తారు.
నేలనెవరు చూస్తారు, కాలు జారితే తప్ప?
ఇప్పుడు నేలంతా మాదే,
పైన మాత్రం ఎవరూ లేరు.
వాయించి చూశాం.
పెళ్లికూతురు లేని పల్లకీని
బోయీలిద్దరం మోస్తున్నట్టుంది.
బరువు లేదు. భుజం నొప్పి మాత్రం ఉంది.

బ్ర్నో నుంచి ఒక ప్రొఫెసర్ కొత్తగా పై గీత రాసి పంపాడు.
తప్పు పట్టడానికి లేదు, ప్రతి అంకె మాటా విన్నది.
హెడ్వికా ఒక్కసారి వాయించి
విల్లు తుడిచి పెట్టెలో పెట్టేసింది.
"చొక్కా సరిగ్గా సరిపోయింది" అంది,
"పోయినవాడిది కాదు, అంతే."

తర్వాత ఆమే కనిపెట్టింది.
మూడో భాగంలో మాకు ఏడు గళ్లు ఖాళీ.
ఆ ఖాళీ చివర, చీమ తలకాయలంత, మూడు స్వరాలు.
మావి కావు.
వయొలిన్ ఇక్కడికొచ్చాక మీరందుకోండని
నకలు రాసినవాడు వేసిపోయిన ఆనవాలు.
పొయ్యికీ జున్నుకీ దొరక్కుండా
ఇన్నేళ్లూ ఆ మూడూ
మా కాగితంలో తలదాచుకున్నాయి.
దాన్ని నేను రెండేళ్లుగా చదువుతున్నాను. చూడలేదు.

ఫిబ్రవరి. గుడిలో ఊపిరి కంటికి కనబడే చలి.
పేగు తీగలు మాటిమాటికీ శ్రుతి తప్పుతున్నాయి.
ముప్పయ్యొక్కమంది, ఒక కుక్క.
హెడ్వికా కోటు విప్పకుండానే మా మధ్య నిలబడింది,
మొదటి భాగమంతా వయొలిన్ చంకలోనే.
రెండోదీ అంతే.
ముందువరసలో ఎవరో కార్యక్రమం కాగితం
వెనక్కి తిప్పి చూసుకున్నారు.

మూడో భాగం. మా చేతులు ఆగాయి.
ఒకటి, రెండు, మూడు, నేను లెక్కపెడుతున్నాను.
ఆమె కళ్లు మూసుకుని ఏదో వింటోంది,
నాకు వినబడనిది.
ఆరో గడిలో వయొలిన్ గడ్డం కిందకి లేచింది.
ఏడు.
పైనుంచి ఒక మెట్టు.
ఇంకో మెట్టు.
మూడోది మెట్టు కాదు, జారడం.

నేను అందుకోవాలి. ఆ ఆనవాలు ఉన్నదే నా కోసం.
విల్లు అరక్షణం ఆలస్యంగా పడింది.
ఓటకర్ నావైపు చూశాడు. చూడనీ.

అయిపోయాక చప్పట్లు కొట్టాలో లేదో
ఎవరికీ తెలియలేదు.
కుక్క లేచి ఒళ్లు దులుపుకుంది.
హెడ్వికా దిగిపోయిన తీగను బిగిస్తోంది,
ఇంకా వాయించాల్సింది చాలా ఉన్నట్టు.