తలకట్టు

డండీలో, టే నది మీంచి పొగమంచు
నడుచుకుంటూ రోడ్డెక్కే అక్టోబర్ పొద్దున
పదకొండు బస్టాపుల్లో పదకొండు కొత్త తెరలు
తెల్లగా వెలిగి ఊరుకున్నాయి.
ఒక్క అంకె లేదు. ఒక్క బస్సు పేరు లేదు.
వెలుతురు మాత్రం పుష్కలం.

వ్యాన్‌లోంచి మోరాగ్ ఫోన్ చేసింది:
"ఇక్కడొక ముసలాయన
ఈ లాంతరు ఎవరికోసం పెట్టారమ్మా అంటున్నాడు.
ఏం చెప్పను?"

మూడు రోజులు కేబుల్ని తిట్టాను.
చెమ్మని తిట్టాను. తెరలు పంపినవాణ్ణి
మర్యాదగా, ఈమెయిల్లో, తిట్టాను.
నాలుగో రోజు స్కీమాటిక్ ముప్ఫై నాలుగో పేజీలో
డిస్‌ప్లే కంట్రోలర్ పక్కన
మందలోంచి విడిపోయిన ఒక సన్నటి గీత:
రీసెట్.
ఆ పేరు నెత్తిన ఒక అడ్డగీత.

తలకట్టు లేని అక్షరం
గొడుగు మర్చిపోయి వానలోకెళ్ళిన పిల్లాడు
అనేది ఒకటో తరగతిలో సువార్తమ్మ టీచరు.
ఈ గీతా అంతే.
ఇది ఉందంటే, తీగ అణిగినప్పుడే దానికి అధికారం.
సున్నాలో ఉన్నంతసేపూ చిప్పు పడుకునే ఉంటుంది.
తీగ లేస్తేనే అదీ లేస్తుంది.

బోర్డుని వర్ణించే ఫైల్లో ఈ తీగకి దక్కేది ఒకే వాక్యం.
ఏ పిన్ను, ఏ వైపు.
పిన్ను సరిగ్గానే రాసుంది.
వైపూ సరిగ్గానే రాసుంది, పాత బోర్డుకి.
అందులో మధ్యన ఒక బుల్లి ట్రాన్సిస్టర్ ఉండేది,
ఎడ్డెమంటే తెడ్డెమనే రకం.
రెండు పెన్నీలు మిగుల్తాయని కొత్త బోర్డులో పీకేశారు.
ఆ కాగితం కింద సంతకం చూశాను.
నాదే.

ప్రోబు మొన తీగకి ఆనించాను.
మూడు పాయింట్ మూడు వోల్టులు నిలబడాల్సిన చోట
సున్నా.
ఆటు వేళ టే ఒడ్డున బురదలా
చదునుగా, మెరుస్తూ.
ప్రోగ్రాము "లే" అంటోంది.
తీగ దాకా వచ్చేసరికి అది "పడుకో".
పాపం చిప్పు, చెప్పిన మాట విని
వీపు వెనక దీపం పెట్టుకుని నిద్రపోతోంది.

హై కొట్టేసి లో అని రాశాను. అంతే.
మిగతాది డేటాషీటే చెప్పింది:
పది మిల్లీసెకన్లు అణచిపెట్టు. వదిలెయ్యి.
తర్వాత నూట ఇరవై మిల్లీసెకన్లు ఏమీ అడగకు.
ఆ మాట రాసినవాళ్ళెవరో గానీ
అప్పుడే నిద్రలేచిన మనిషితో
కాపురం చేసినవాళ్ళే అయ్యుంటారు.

మోరాగ్ కొత్త ఫైలు ఎక్కించి
ఫోన్ నా కోసం తెర దగ్గర పట్టుకుంది.
నల్లబడింది.
రెప్పపాటు.
రెప్పపాటు ఎంత పొడుగో నాకు తెలిసిందప్పుడే.

ఇరవై రెండు, నాలుగు నిమిషాల్లో.

"ఆ పెద్దాయన అక్కడే ఉన్నాడా?"
"ఉన్నాడు. చదివాడు.
నిన్న కూడా ఇది ఆలస్యమే అంటున్నాడు."

అది మా తీగ చేతిలో లేదు.
నోటుబుక్కులో రీసెట్ అని రాసుకుని
నెత్తిన గీత పెట్టాను.
పలక మీద లాగా
ఇంకోసారి దిద్దాను.