అయిదో చీటీ

ముప్పయ్యొక్క ఏండ్లు గొలుసు మోసిన.
సిరొంచ తాలూకాల ఏ చెలక ఎన్ని గుంటలో
నా భుజానికి ఎరుక.
సాత్‌బారాల మాత్రం నా పేరున
ఒక్క గీత లేదు.

అమ్మ మిషను దవాఖానల ఆయమ్మ.
ఆదివారం రాత్రి గుడ్డిదీపం కాడ
అక్షరం అక్షరం కూడబలుక్కుంట
షిలోహుల చీట్లేసిన ముచ్చట చదివేది.
గొలుసు లేదు, తలాఠీ లేడు,
గుడారం గుమ్మం ముందర గోత్రానికో చీటీ.
"లేవీకి ఎందుకు రాలే?" అంటె
వత్తి ఎగదోసి
"ఆళ్ళకు దేవుడే వాటా బిడ్డా" అనేది.
గంజి లేక పండుకున్న రాత్రి
ఆ మాట నాకు నచ్చలే.
ఇప్పటికీ కొన్ని దినాలు నచ్చదు.

నిరుడు పత్తి ఏరుడు అయినంక
జాడి పోశాలు చెలక కొలిచిన.
అయిదుగురు బిడ్డలు. కొడుకు లేడు.
పెదనాయిన కొడుకులు గట్టు మీద నిలవడి
"ఆడోళ్ళకు భూమేంది?" అన్నరు
బీడీ పొగ ఇడుసుకుంట.
పెద్దది రాజుబాయి కొంగు నడుముకు చెక్కి
"అయ్య సచ్చిండు సరే,
ఆయన పేరు గూడ సావాల్నా?" అన్నది.
నా చేతుల గొలుసు గల్లుమన్నది.
ఎడారిల, మోషే ముందర,
సెలోపెహాదు బిడ్డలు అయిదుగురు అడిగింది గిదే.
రాజుబాయికి ఆ ముచ్చట తెల్వదు.
ఆకలి ఎన్నడు సదువుకోలే,
మాట మాత్రం ఒక్కటే.

తలాఠీ నక్షా పరిచి
నాలుగు మూలల నాలుగు రాళ్ళు పెట్టిండు.
నక్షాల అయిదెకరాలు.
నేల మీద నాలుగు.
ఒక ఎకరం ప్రాణహిత తిన్నది.
తిన్నదానికి గూడ కాయిదం
ఇంకా శిస్తు రాస్తనే ఉన్నది.

ముక్కు కారుతున్న పోరి ఒకతి
చెంబుల చెయ్యి పెట్టి తీసింది.
బాయి గడ్డ రాజుబాయికి.
తుమ్మల దిక్కు నడిపిదానికి.
ఇంకో రెండు, ఒకటి రాళ్ళది, ఒకటి రేగడి.
అయిదో చీటీ అందరికన్న చిన్నది, ఓదెక్కకు:
నీళ్ళు.

ఇగ ఏడుపే అనుకున్న.
లేకుంటె అహేరి కోర్టు.
ఓదెక్క చెప్పులిడిసి ఒడ్డు దిగింది.
మోకాలిలోతు నడిచి
అవుతల తేలిన తిప్ప మీద నిలవడి కేకేసింది:
"గొలుసు ఇటు తే తాతా, కొలువు!"

నవ్విండ్రు. నేను పోయిన.
ఇసుకల హద్దురాయి నిలవదు,
బెత్తెడు దిగంగనే ఒరుగుతది.
తలాఠీ ఒడ్డు మీంచి చెయ్యి ఊపుతుండు,
రాసుకోను, రాసుకోను అని.
ఓదెక్క కూలవడి రెండు చేతుల తోడుతున్నది.
మోచేతిలోతుల చెలిమె ఊరింది.
ముందుగాల బురద,
ఆ తర్వాత తేట.

"నాలుగు నెల్లు పుచ్చకాయ పెడ్త.
ఆన రాంగనే ఆయన గుంజుకుంటడు,
మళ్ళ ఇస్తడు."
ఆయన ఎవలో చెప్పలే.
నది ఆడిది గదా అని నేను అడగలే.

కాలేబు బిడ్డ గాడిద దిగి
నాయినను ఊటలడిగిందని అమ్మ చదివేది.
ఓదెక్క అడగను గూడ అడగలే.
దోసిలి నింపి నాకు పోసింది.
ఒకల హద్దు మీద నిలవడి
తాగిన నీళ్ళు గావు అవి.
ఎవలి హద్దూ లేని కాడ తాగిన.

ఈ యేడు కింద ఎక్కడనో నీళ్ళాపిండ్రు.
పూస నెల వెళ్ళవట్టె, తిప్ప తేలలే.
నా నౌకరి అయిపోయింది,
గొలుసు దఫ్తర్ల ఒప్పజెప్పిన.
భుజం మీద కాయ మాత్రం ఒప్పజెప్పనీకె రాలే.

పొద్దుమూకినంక ఒడ్డుకు పోతె
ఓదెక్క ముందుగాలనే ఉంటది,
కొంగుల ఇత్తుల ముడి.
నేను ఏమనను. ఆమె ఏమనదు.
చీకట్ల అవుతల తెల్లగ ఏదో కనవడుతది,
ఇసుకనో, నురుగో.
ఇద్దరం కండ్లు చిట్లించి
అటే చూస్తం.