ఏలిముద్రల బుక్కు

సాక్ష్యం చెప్పుమంటరు పాస్టరయ్య ప్రతి ఆదివారం.
చెప్పేటోళ్లు నిలబడితే వాగు లెక్క పారుతరు.
నాది మొద్దు నాలిక.
నేను తెచ్చింది గీ బుక్కొక్కటే,
ఎర్ర అట్ట, మూలలు ఎలుకలు కొరికినయి,
లోపల అరవై మూడు ఏలిముద్రలు.

మొగులప్ప అంటే ఊట్కూరు అవతల
ఆరు ఊర్లకు, మూడు తండాలకు ఎర్క.
గుంపు మేస్త్రిని.
జొన్న కోతలు అయిపోంగనే ఇండ్లపొంటి తిరిగేటోన్ని,
పిల్లకు జ్వరమున్న ఇల్లు, బోరు ఎండిన ఇల్లు,
వాసన పట్టి ఎతుక్కునేటోన్ని.
రెండు వేలు చేతుల పెట్టి ఏడు వేలు రాసేటోన్ని.
సిరాల బొటనవేలు ముంచి అద్దేటప్పుడు
ఒక్కలన్న అడగలే, అన్నా, ఎంత రాసినవని.
అడిగితే ఏం చెప్పాల్నో తయారు పెట్టుకున్న,
గని అడగలే.

ఒకపారి పూణెల ఏడో అంతస్తు సెంట్రింగు జారింది.
శవాన్ని సిమెంటు లారీల పంపిన.
లారీ కిరాయి ఆమె బాకీల కలిపిన.

గీ గుడికి నేను దేవుని కోసం రాలే.
అడ్వాన్సు తీసుకొని దాక్కున్నోళ్లను పట్టనీకె వచ్చిన,
చెప్పులు గూడ ఇడ్వలే.
రేకుల కింద అందరు కండ్లు మూసుకున్నరు.
తెరిచినయి నావి రెండే.
కొంగు నెత్తిన కప్పుకొని తాయమ్మ పెదవులు కదులుతున్నయి,
నా పేరు ఇనబడ్డది.
శాపనార్థం పెడుతున్నదేమో, ఇందామని దగ్గరికి వొంగిన.
"మొగులప్పకు బుద్ధియ్యి తండ్రీ,
ఇయ్యనీకె కాకుంటే కాలన్న ఇరగ్గొట్టు."

నవ్వొచ్చింది. బయటికొచ్చి బండి కిక్కు కొట్టిన.
రెండు రోజులు నవ్విన.
మూడో రోజు అన్నం ముంగట కూసుంటె
నవ్వు యాడికి పోయిందో తెల్వలే.
నా గురించి దేవుని తోటి మాట్లాడిన మనిషి
మా అవ్వ సచ్చినంక ఆమెనే.

మెరుపులు కానరాలే, ఆకాశం తెరుచుకోలే.
కృష్ణల ముంచి లేపిండ్రు.
లేచినంక అదే చొక్కా, అదే బొటనవేలు,
గోరు సందుల సిరా మరక అట్లనే ఉంది.
నీళ్లు కడిగింది నాకు కానరాని తావులనేమో.

బండి అమ్మిన. నడుసుడు మొదలువెట్టిన.
ఆశప్ప పైసలు మూడుసార్లు లెక్కవెట్టి మిత్తి అడిగిండు.
న్యాయమే, ఇచ్చిన.
గుండుమాల్‌ల ఒకాయన కుక్కను ఇడిసిండు. అదీ న్యాయమే.
ముసలి బాలకిష్టమ్మ నోటును ఎండకు పెట్టి చూసి
"ఇది గూడ అడ్వాన్సేనా బిడ్డా" అన్నది.
ఆ మాట ఇంక గొంతు దిగుతలేదు.

తాయమ్మ ఇంటికి ఆఖర్న పోదామనుకున్న,
కాళ్లు ముందుగాలనే తీస్కపోయినయి.
ఆమె పైసల దిక్కు చూడలే.
"బుక్కుల ఏమని రాసినవ్ ఆయన్ని?"
తీసిన. 'తాయమ్మ మొగడు' అని ఉంది.
ఆరేండ్లు నా కింద తట్ట మోసిన మనిషి.
"బుగ్గప్ప" అన్నది. "ముందుగాల గది రాయి."
చెయ్యి వణికి ఒత్తు పక్కకు పోయింది.
మళ్ల రాయమన్నది. మళ్ల రాసిన.
గప్పుడు లోపలికి పోయి చెంబుల నీళ్లు తెచ్చింది.

మేడిపండుల పురుగులుంటయని చిన్నప్పటి సంది ఇన్న.
గదే చెట్టెక్కిన పొట్టి సుంకపాయన్ని
పేరు పెట్టి పిలిచి, దిగు, ఇయ్యాల మీ ఇంట్లనే ఉంట
అన్నడంట ప్రభువు.
గా కథ వచ్చినప్పుడల్ల అందరు నా దిక్కు చూస్తరు.
చూడనీ.

ఇంక ఇరవై రెండు ఏలిముద్రలున్నయి.
వానలు పడకముందు కోస్గి దాక పోవాలె.
ఇద్దరు భీవండిల ఉన్నరు, ఒకాయన జాడ లేదు.
ఇప్పుడు నేనే తట్ట మోస్తున్న, రోజు కూలి,
రెండు నెలలకొక పేరు తీరుతది.
బుద్ధి వచ్చిందో లేదో నాకు చెప్పరాదు.
కాలైతే ఇరగలే, తాయమ్మా.
నడుస్తున్న.