ఎడమ చెంప మీద

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డు.
మిరపకాయల కుప్ప చుట్టూ పద్నాలుగు మందిమి.
తొడిమలు తుంచే చప్పుడు
వాన మొదలవుతున్నట్టుంటుంది.
నా వేళ్లు బొబ్బలెక్కిన రోజు
కోటమ్మత్త తీర్పు చెప్పింది:
"నువ్వు చదువు. నీ వంతు కాయలు మేం తీస్తాం."

అట్లా మూడేళ్లు,
తుమ్ముకీ తుమ్ముకీ మధ్య
ఉప్పుకోట ఐదు సంపుటాలు చదివాను.
కోట కూలిన రోజు
సాయంత్రానికి ఒక్క టిక్కీ కూడా నిండలేదు.

నిన్న జానీబీ కబురు మోసుకొచ్చింది.
ఉప్పుకోటని సినిమా తీస్తున్నారంట,
వాళ్ల తమ్ముడు లాడ్జి సెంటర్లో విన్నాడంట.
ఇంక కాయల మీద చెయ్యి ఎవరికి నిలుస్తుంది?

"రాక్షసుడు మన యార్డులోనే ఉన్నాడు గదా,
హమాలీ ఏసోబు. రెండు టిక్కీలు ఒక్క వీపున.
నోరు తెరిస్తే ఘాటు. వేషం కూడా అక్కర్లా."
"ఏసోబు పిల్లిని చూస్తే పారిపోతాడే!"
"మూడో పుస్తకంలో రాక్షసుడు కప్పని చూసి పారిపోలా?"
నిజమే.
చదివిన నేను మర్చిపోయాను.

వెన్నుపోటు మంత్రికి
కమీషన్ కొట్టు రామలింగయ్యగారు, ఏకగ్రీవం.
ఎవరూ నవ్వలేదు.
కాటా మీద ఆనీ ఆనకుండా ఆయన చిటికెనవేలు
అందరం చూసినవాళ్లమే.

పొగపిట్టకి మొహంతో పనిలేదు, గొంతు కావాలి.
బస్టాండు మైకులో
మాచర్ల, వినుకొండ, పిడుగురాళ్ల అని పిలిచే ఆవిడ.
"ఆవిడ పిలిస్తే చచ్చినోళ్లు కూడా
సంచీ సర్దుకుని లేస్తారు," అంది జానీబీ.

రాణి దగ్గర బండి ఆగింది.
సినిమా అమ్మాయిల్ని ఒక్కొక్కరినే తెచ్చి
కుప్ప మీద నిలబెట్టి తూర్పారబట్టారు.
ఒకామె ఉప్పు బస్తా మోసిన మనిషిలా నడవదు.
ఒకామె ఏడిస్తే ముక్కు ఎర్రబడదు.
"ఆకలైనప్పుడు అందంగా ఉండే మనిషి రాణేంది?
మా ఆడబిడ్డ చెయ్యాల," అంది సువార్తమ్మ.
"మొగుడి మీదికి చెప్పు విసిరింది,
నాలుగడుగులేసి వెనక్కొచ్చి
అదే చెప్పు తొడుక్కుని పోయింది.
అదీ, రాణంటే."

కోటమ్మత్త చెయ్యెత్తింది. షెడ్డు నిమ్మళించింది.
"ఎవురన్నా చెయ్యండి.
ఎడమ చెంప మీద పుట్టుమచ్చ మటుకు ఉండాల.
కందిగింజంత.
కోపమొస్తే ముందు అది కదలాల.
అది లేకపోతే రాణి కాదు."
పన్నెండు తలలు ఊగాయి.
అలవాటుగా నాదీ ఊగింది.

రాత్రి నల్లచెరువులో, గదిలో,
మొదటి సంపుటం తిరగేశాను.
రాణి రూపం గురించి రాసింది ఒకటిన్నర వాక్యం:
పొడగరి. ఉప్పుగాలికి కాగిన కళ్లు.
అంతే. చెంప లేదు, మచ్చ లేదు.

మచ్చ నేను పెట్టింది.
ఎప్పుడో ఒక మధ్యాహ్నం కళ్లలో కారం పడింది.
అక్షరాలు అలికినట్టయ్యాయి.
చదవలేను, ఆపితే వాళ్లు ఊరుకోరు.
తెనాలి పాసింజర్లో టిక్కెట్ లేకుండా దొరికి
టీసీ కళ్లలోకే చూస్తూ నిలబడ్డ ఒకామె చెంప
నోటికొచ్చింది.

చెప్పేద్దామనే వచ్చాను, పొద్దున్నే.
వచ్చేసరికి జానీబీ చిన్నకూతురు
చెంపకి కాటుక చుక్క పెట్టుకుని,
గోనెపట్టా భుజాన కప్పుకుని,
కాయల కుప్పెక్కి అరుస్తోంది:
"ఈ ఉప్పు నాది! దిగండి నా ఒడ్డు మీంచి!"
దిగమని దాన్ని ఒక్కరూ అనలేదు.
కాయలు నలుగుతున్నా.

ఆరో సంపుటం తెరిచాను.
మొదటి పేజీలో వాన కురుస్తోంది,
గుర్రాలు తడుస్తున్నాయి, రాణి ఇంకా రానే లేదు.
గొంతు సవరించుకున్నాను.
"రాణి చెంప మీద మచ్చ కదిలింది..."

"కదిలిందా," అంది కోటమ్మత్త,
తొడిమ తుంచి పక్కన పడేస్తూ.
"అయితే ఎవడికో మూడింది. చదువు."