చెవితో ప్రూఫు

పర్లాకిమిడిలో మా నాన్న అక్షరాలు పేర్చేవాడు.
సీసం అక్షరాలు, అన్నీ తిరగబడి ఉండేవి.
బళ్లో నాకు ఒడియా చెప్పారు.
తెలుగు ఆ గళ్లపెట్టెల దగ్గరే అబ్బింది,
అదీ అద్దంలోని తెలుగు.
ఇప్పటికీ తిన్నగా ఉన్న 'క' కనబడితే
ఎవరో చొక్కా తిరగేసి తొడుక్కొచ్చినట్టుంటుంది.

తొక్కుడు మిషను పాత ఇనుము కింద పోయాక
ఇంటి ముందుగదిలో కంప్యూటరు,
దాని వెనక ఖాళీ గ్యాసు బండ.
పెళ్లికార్డులు, షాపు ఓపెనింగులు, పెదకర్మలు.
ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు,
ఏది పైకి కనబడేలా మడవాలన్నది
పిల్ల ఇటుదా అటుదా అన్నదాన్నిబట్టి.

నా కళ్లని నేను నమ్మను.
మొత్తం ఎంచి 'చదువు' నొక్కుతాను.

మొదటిరోజు ఒడియా గొంతే పెట్టి ఉండిపోయింది.
తెలుగంతా మింగేసి
ఫోన్ నంబరు ఒక్కటే చదివింది.
తాతలూ మేనమామలూ
బంధుమిత్రుల అభినందనలతో సహా
పదహారు వరసల పెళ్లి
తొమ్మిది నాలుగు మూడు ఏడు అని అయిపోయింది.
బళ్లో మాకూ అంతే.
మా ఇంటిపేర్లకి మాష్టారి నోరు తిరక్క
నంబరు పిలిచేవారు. చెయ్యెత్తేవాళ్లం.

తర్వాత తెలుగు గొంతు దింపుకున్నాను.
ఆడగొంతు. ఏ ఊరిదో తెలీదు,
ఈ ఊరిది మాత్రం కాదు.
మా సూరీడమ్మ పనసగింజలు ఒలుస్తూ వింటుంది.
అక్షరం ముక్క రాదు, పాముచెవులు.
"ఆపించు. ఆ గుంట పేరు విరజ.
విజర అంటంది మీ మిషనమ్మ.
దాన్ననుకుని ఏటి లాభం, కొట్టింది నువ్వు."

'విందు'లో సున్న పడిపోతే
'విదు' అనేసింది, తడుముకోకుండా.
నాకు ఆ సున్న అక్కడున్నట్టే కనబడింది.
ఉండాలని కోరుకుని చూస్తుంది కదా కన్ను.
చెవికి అంత మర్యాద లేదు.

ఒక్కటి మాత్రం ఎన్నాళ్లయినా దానికి రాలేదు,
చి.ల.సౌ.
"చి" అంటుంది, ఆగుతుంది.
"ల". మళ్లీ ఆగుతుంది. "సౌ".
పెళ్లికూతుర్ని మెట్టు మెట్టుకీ నిలబెట్టినట్టు.
సూరీడమ్మ పడీ పడీ నవ్వుతుంది.

మొన్న కొమ్ముపని తవిటయ్య వచ్చాడు.
దువ్వెనలూ కొంగబొమ్మలూ చేస్తాడు,
గోళ్ల సందుల్లో తెల్లటి పొడి.
చెమటకి మెత్తబడ్డ కాయితం చేతిలో పెట్టాడు.
దానిమీద తారీఖూ, దాలమ్మ అన్న పేరూ.
"మిగతాది నువ్వే రాయి,
అందరికీ రాసినదే కదా."
అందరికీ రాసినదే రాశాను.
చూసుకోమంటే చదువు రాదన్నాడు.
వినిపించాను.

"కీ" అంది మిషను.
ఆగింది.
"శే" అంది.
ఆగింది.
"దాలమ్మ" అంది, పెళ్లికి పిలిచినట్టే.

వెనక గింజలు ఒలిచే చప్పుడు లేదు.
నాకు తల తీసేసినట్టయింది.
"పొట్టిమాట, దానికి తెలవదు బావా,
విడదీసి కొడితే సరిగ్గానే అంటాది" అంటూ
కీర్తిశేషులు అని పూర్తిగా కొట్టబోయాను.

"ఉండనీ" అన్నాడు.
"మల్లీ ఒకపాలి యినిపించు."

కీ.
శే.

"దానికీ నోరు రావట్లేదు" అన్నాడు,
నాతో కాదు.

మూడోసారి అడగలేదు.
వంద అనుకున్నవాడు డెబ్బై చాలన్నాడు,
కార్డుకి అర్ధ తగ్గించమన్నాడు, తగ్గించాను.
చెప్పులు వేసుకుంటూ
గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాడు.

అతను వెళ్లాక గొంతు మార్చి
ఒడియా పక్క పెట్టాను.
స్వర్గీయ దాలమ్మ,
ఎక్కడా ఆగకుండా, గుక్కతిప్పుకోకుండా చదివింది.
తవిటయ్యకి ఒడియా బాగా తెలుసు.
కిటికీలోంచి తొంగి చూశాను.
వీధి మలుపు తిరిగిపోయాడు.