ఒక అక్షరం

పంతొమ్మిది చలికాలాలు డాక్టర్ హెల్కా బండి నడిపింది నేనే.
ఈసీజీ యంత్రం వెనక సీట్లో
కంబళి కప్పుకుని పెద్ద ముత్తైదువలా కూచునేది.
జెల్లు గడ్డకట్టకుండా ట్యూబుని చంకలో పెట్టుకునేవాణ్ణి.
ఫిన్లాండులో మా ఉత్తరాన
నవంబరు వస్తే మధ్యాహ్నం మూడింటికే చీకటి.
ఇంటికీ ఇంటికీ మధ్య నలభై కిలోమీటర్ల పైన్ చెట్లు.

ఆమె వెతికేది చావుల్ని కాదు,
చావు పక్కన ఎవరో రాసిపెట్టిన మాటల్ని.
చర్చి పుస్తకాల్లో పాస్టర్ల గొలుసుకట్టు రాత:
మునిగిపోయింది. బాగా ఈతొచ్చిన పిల్ల.
పెళ్లిలో ఆడుతూ ఆడుతూ కూలబడ్డాడు. తాగలేదు.
ఆ "తాగలేదు" కింద గీత గీసేది కాదు,
పుస్తకం చర్చిది కదా.
వేలు మాత్రం కాసేపు అక్కడే ఉంచేది.

ఇళ్లలో ముందు కాఫీ.
మూడో కప్పు దాకా గుండె మాట ఎత్తకూడదు.
తర్వాత ముసలాళ్లు, పిల్లలు, చొక్కాలు విప్పి వరసగా.
కాగితం కరకరమంటూ బయటికొచ్చేది.
డివైడరుతో అల మొదలూ కొసా పట్టుకునేది:
ఒకసారి కొట్టుకున్న గుండె మళ్లీ సర్దుకునే ఆ కాస్త వ్యవధి
కొన్ని కుటుంబాల్లో, తాత నుంచి మనవరాలి దాకా,
వెంట్రుకవాసి పొడుగు.
"వెంట్రుకవాసే," అనేది, "మనిషి జారిపోడానికి అది చాలు."

హెల్సింకీలో డబ్బివ్వమని రెండుసార్లన్నారు.
మూడోసారి ఇచ్చినదాంతో
అన్నిటికంటే ముందు నా బండికి టైర్లు మార్పించింది.

కివిలంపి చెరువు ఒడ్డు ఔలిస్ ఇంటికి వెళ్లింది ఆ టైర్ల మీదే.
అతని చెల్లెలు తైమి, పదిహేనేళ్లది,
జూన్ ఎండలో నీళ్లలోకి దూకి తేలలేదు.
ఆసుపత్రి బీరువాలో మైనంలో దాచిన ఆమె గుండెముక్కలో
ఒక అక్షరం తేడా దొరికింది.
ఔలిస్ నెత్తుట్లోనూ అదే అక్షరం.
జిల్లాలో ఈతకి పేరున్నవాడు.
ఆ రోజు నుంచి పూటకో మాత్ర, నీళ్లు మోకాళ్ల దాకానే.
తిరిగొస్తూ దారంతా హెల్కా ఈల వేసింది.
ఆ ఈల నాకింకా జ్ఞాపకమే.

పదహారేళ్లకి లెక్క తిరగబడింది.
లక్షలమంది నెత్తురు చదివేసరికి
ఆ అక్షరం ఎక్కడపడితే అక్కడ కనిపించింది,
తొంభై ఏళ్లు ఈదినవాళ్లలో కూడా.
పాపం, దానికేమీ తెలియదు.
ఉత్తరం రాస్తే సరిపోతుందన్నారు ఆసుపత్రిలో.
ఆమె నన్ను బండి తియ్యమంది.

మే నెల. చెరువు మీద మంచు అప్పుడే విరిగింది.
"అప్పటికి తెలిసింది అంతేగా" అని
మూడొందల పది కిలోమీటర్లూ నేనే అన్నాను.
లోపల ఆ మాట ఆమె అనలేదు.
"నేను పొరపాటుగా చదివాను," అంది.
"మాత్రలు ఒక్కసారిగా మానొద్దు, మెల్లగా తగ్గిద్దాం."

ఔలిస్ కూతురు, తొమ్మిదేళ్లది, తలుపు దగ్గర నిలబడి వింటోంది.
చెరువు ఒడ్డున పుట్టి పెరిగినా ఈత రాని పిల్ల.
అతను అరుస్తాడనుకున్నాను.
కప్పు నింపాడు. తనది కాదు, ఆమెది.
"మరి తైమి?"
"తెలీదు."
పంతొమ్మిదేళ్లలో ఆ గొంతులో
ఆ మాట అంత సూటిగా ఎప్పుడూ వినలేదు.
గోడ గడియారం దాన్ని కొంతసేపు కొలిచింది.

బండెక్కాక ఆమె సంచిలోంచి తెల్లకాగితం తీసి
పైన తైమి పేరు రాసింది.
దాని కింద ఏం రాయాలో తోచక
పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.
నేను అద్దంలో వెనక్కి చూశాను.
పడవల రేవు చివర ఔలిస్.
ఒక బూటు విప్పాడు.
రెండోదాని ముడి మీద చెయ్యి వేసి
అలాగే కూచున్నాడు.